ఇరవై నిమిషాలు ఆగాలి

వెనక కూడా చరియ పడింది మేడం, అన్నాడు డ్రైవరు ఫల్గుణ, వెనక తలుపు సగం తెరిచి, తడిసి ఒంటికంటుకున్న చొక్కాతో, అది తన తప్పే అయినట్టు. ముందు పడింది నర్సు జాయ్స్ కళ్లారా చూసింది. మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా ఎర్రమట్టి, మట్టిలో బండలు, బండల మీద వేళ్లతో సహా వచ్చి ఒరిగిన సిల్వర్ ఓక్ చెట్టు, దాని మొదలుకి ఇంకా అంటిపెట్టుకునే ఉన్న మిరియాల తీగ. బండి వెనక్కి తిప్పేలోపు రెండో చప్పుడు వినిపించింది, లారీలోంచి కంకర ఒంపుతున్నట్టు, ఆగకుండా. ఇప్పుడు రెండు చరియల మధ్య రెండొందల గజాల ఘాట్ రోడ్డు, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, లోయ నిండా మంచు, మధ్యలో ఈ అంబులెన్సు. అందులో తను, స్ట్రెచర్ మీద సోని, సోని పాదాల దగ్గర వాళ్ల అత్త దేముడమ్మ. సోని కడుపులో ముప్పైనాలుగు వారాల బిడ్డ. చేతిగడియారంలో పదకొండు దాటి రెండు నిమిషాలు. మొదటి డోసు ఇచ్చింది పది నలభైకి. ఇరవై నిమిషాలు అయిపోయాయి, రెండు ఎక్కువే అయ్యాయి. మళ్లీ బీపీ చూడాలి, చూస్తే ఏదో ఒకటి చెయ్యాలి, చెయ్యాలంటే అడగాలి, అడగడానికి ఫోన్లో ఒక్క గీత కూడా లేదు.

చూసింది. పట్టీ బిగుసుకుంటుంటే సోని మూలిగింది. నూట డెబ్బయ్యారు మీద నూట పద్దెనిమిది. పొద్దున అనంతగిరి పైనున్న వాళ్ల గూడెం నుంచి బైకు మీద మధ్యన కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు నూట ఎనభైనాలుగు మీద నూట ఇరవైనాలుగు. ఇరవై ఏళ్ల పిల్ల, తొలిచూలు, కాళ్లు మోకాళ్ల దాకా పొంగి, మొహం నిండుగా ఉబ్బి, ఒళ్లు చేసింది అనుకున్నారట ఇంట్లో, సంతోషపడ్డారట. డాక్టరు రవిబాబు గారు పాడేరులో మీటింగులో ఉన్నారు, ఫోనులోనే చెప్పారు. ముందు మాత్ర వెయ్యమన్నారు, వేసిన మాత్ర నీళ్లతో సహా వాంతి అయిపోయింది. లాబెటలాల్ ఇద్దామా అన్నారు, ఈ అమ్మాయికి ఉబ్బసం సార్, పొగ తగిలితే పిల్లికూతలు అంది జాయ్స్, అయితే అది వద్దు, హైడ్రలజిన్ ఉందా, ఉంది సార్, రెండు ఆంప్యూల్స్ ఉన్నాయి. అయితే అయిదు ఎంజీ, నెమ్మదిగా, ఇరవై నిమిషాల తర్వాత చూసి కింది నంబరు నూటపది దాటి ఉంటే ఇంకో అయిదు, కాని దానికి ముందు నాకు ఒకసారి ఫోన్ చెయ్యి సిస్టర్. మూర్ఛ రాకుండా మెగ్నీషియం రెండు పిరుదులకీ వేసి పంపించు, కింద కోట ఊళ్లో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు ఉంది, నేను మాట్లాడతాను. ఆయన చెప్పినవన్నీ చేసింది. చెయ్యలేనిది ఒక్కటే, ఆ ఫోను.

ఇరవై ఎంఎల్ సిరంజిలో మందు ఉంది. ఒక ఎంఎల్ ఆంప్యూల్‌లో ఇరవై ఎంజీ ఉంటుంది, దానికి పంతొమ్మిది ఎంఎల్ సెలైన్ కలిపితే ఒక గీతకి ఒక ఎంజీ, లెక్క తప్పదు. అయిదు గీతలు అయిపోయాయి, పదిహేను ఉన్నాయి. నర్సింగు స్కూల్లో ఆనందమ్మ టీచరు ఈ మందు చెప్పినరోజు బోర్డు మీద ఏమీ రాయలేదు, తన మణికట్టు పట్టుకుని చూపించింది. రక్తనాళం చుట్టూ సన్నటి కండ ఉంటుందమ్మా, అది బిగుసుకుపోయినప్పుడు లోపల రక్తానికి దారి ఇరుకైపోయి ఒత్తిడి పెరిగిపోతుంది, ఈ మందు వెళ్లి ఆ కండని వదులు చేస్తుంది, అంతే, గుండెతో దీనికి పనిలేదు, కాని గుండెకి ఇది ఎవరూ చెప్పరు కదా, ఉన్నట్టుండి ఒత్తిడి తగ్గేసరికి ఏమైందో తెలియక అది పరుగెడుతుంది, అందుకే నాడి వేగం పెరుగుతుంది, మొహం ఎర్రబడుతుంది, తల పోటెడుతుంది. టీచరు గుండె మీద చెయ్యి వేసుకుని ఆ పరుగు చేసి చూపిస్తే క్లాసంతా నవ్వారు. జాయ్స్ కూడా నవ్వింది. తర్వాత టీచరు నవ్వకుండా అంది, ఇది బద్ధకపు మందు, ఇవ్వగానే పనిచెయ్యదు, లోపలికి వెళ్లి నిదానంగా మొదలెడుతుంది, మీరు ఆగలేకపోతే మాత్రం చంపేస్తారు. జాయ్స్ ఆ మాట నోట్సులో రాసుకుని కింద ఎర్రగీత గీసింది. పరీక్షలో వచ్చింది కూడా. రాసింది, మార్కులు పడ్డాయి.

"ఏటి సిస్టరమ్మా, ఏటైనాది? బండి ఎందుకు ఎల్లడం లేదు?" అంది దేముడమ్మ.

"కొండ జారింది పెద్దమ్మా. రోడ్డు మూసుకుపోయింది."

"ఎనక్కి ఎల్లిపోదుం."

"వెనక కూడా పడింది."

 చుట్ట మానేసిన దేముడమ్మ పెదాలు ఉత్తినే కదిలాయి. యాభై దాటిన మనిషి, ముక్కుకి రెండువైపులా బంగారు పోగులు, కోడలి పాదాలని తన ఒళ్లో పెట్టుకుని అవే పట్టుకుని కూర్చుంది పొద్దుటినుంచి. ఫల్గుణ అన్నాడు, మేడం, నేను ముందున్న మట్టి ఎక్కి అటువైపు దిగుతాను, రెండు మలుపులు దిగితే సిగ్నల్ వస్తుంది, ఎవరినైనా పిలుస్తాను. పైనుంచి ఇంకా రాళ్లు దొర్లుతున్నాయి ఫల్గుణా, అంది జాయ్స్. దొర్లనివ్వండి, అన్నాడతను, చొక్కా చేతులు పైకి మడిచి, వెళ్లిపోయాడు. మంచు అతన్ని పది అడుగుల్లో మింగేసింది. తలుపు మూసేసరికి లోపల మందుల వాసన, తడి బట్టల వాసన, పైన రేకు మీద వాన.  ఇక లోపల ముగ్గురే ఆడవాళ్లు, తెలిసినది తనొక్కతే, తనకి తెలిసినదే తనకి భయం.

ఎందుకంటే మూడేళ్ల కిందట, ఇక్కడ కాదు, ఇంకో కొండ మండలంలో తను పనిచేసిన చిన్న ఆసుపత్రిలో, రత్న అనే అమ్మాయి ఇలాగే వచ్చింది. ఇవే కాళ్లు, ఇదే ఉబ్బు, నూట తొంభై మీద నూట ఇరవై. ఆ రోజు పక్క మంచం మీద ఇంకొకామెకి కాన్పు అవుతోంది, ఆమె అరుస్తోంది, డాక్టరుగారు అక్కడ చేతులు పెట్టి ఉన్నారు, అక్కడినుంచే అయిదు ఎంజీ ఇవ్వమన్నారు. జాయ్స్ ఇచ్చింది, నెమ్మదిగా కాదు, ఒక్క నొక్కుడు. అయిదు నిమిషాలకి చూస్తే బీపీ కదల్లేదు. రత్న కళ్లముందు మెరుపులు అంటోంది, తల పగిలిపోతోంది అంటోంది, ఏ క్షణాన మూర్ఛ వస్తుందో తెలియదు. జాయ్స్ ఆగలేకపోయింది. ఎర్రగీత గుర్తుంది, గుర్తుండగానే బొటనవేలు నొక్కేసింది, ఇంకో అయిదు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆరు నిమిషాలు. ఆ తర్వాత పావుగంటకి రెండూ కలిసి పనిచెయ్యడం మొదలుపెట్టాయి. నూట తొంభై నుంచి ఎనభైనాలుగుకి పడిపోయింది, రత్న చెమటలు పట్టి చల్లబడిపోయింది, సెలైన్ ఎక్కిస్తూ పక్కకి తిప్పి కాళ్లు ఎత్తిపట్టి ఆమె ప్రాణమైతే నిలబెట్టారు. బిడ్డ గుండె అరవైకి దిగింది, కాసేపు అరవైలోనే ఉంది, తర్వాత వినిపించలేదు. రిజిస్టరు రాయాల్సినది తనే. మొదటి డోసు పది పది అని రాసింది. రెండో డోసు దగ్గర పెన్ను ఆగింది. పది పదహారు అని రాయాలి. పది ముప్పై అని రాసింది. డాక్టరుగారు సంతకం చేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. జబ్బు అలాంటిది అన్నారు, అందరూ తలూపారు, తనూ ఊపింది.

అక్కడితో అయిపోయినా ఎలాగో బతికేసేదేమో. రత్న బతికింది. బతికి, నువ్వే నన్ను కాపాడినావు సిస్టరమ్మా అంది. తను అక్కడినుంచి బదిలీ చేయించుకుని ఇటు వచ్చేసినా, ఏడాదికోసారి పంటలు ఇంటికొచ్చాక రత్న ఎవరిచేతో అయినా చోళ్లు, కొండ రాగులు, పంపిస్తుంది, గుడ్డసంచిలో, మూతి తాడుతో కట్టి. జాయ్స్ భర్త లాజరస్‌కి చోడి అంబలి ఇష్టం. అతను రాజవొమ్మంగి స్కూల్లో టీచరు, శనివారం వచ్చి సోమవారం వెళతాడు, మంచి చోళ్లు అంటాడు, నువ్వు తాగవేం అంటాడు. కడుపులో మంట అంటుంది తను. అతనికి చెప్పలేదు. ప్రార్థనలో చెప్పిందేమో అంటే అక్కడ కూడా పేరు పెట్టి చెప్పలేదు, నా తప్పులు క్షమించు అని గంపగుత్తగా చెప్పింది. మూడేళ్లు ఆ మందు తన చేతికి రాకుండా తప్పించుకుంది, వేరే సిస్టరు చేత ఇప్పించింది, లేదా పంపించేసింది. ఈరోజు పొద్దున డ్యూటీలో తనొక్కతే. మొదటి అయిదు గీతలు ఎక్కించినప్పుడు పక్కన ఫోనులో డాక్టరుగారి గొంతు ఉంది. ఇప్పుడు ఆ గొంతు లేదు.

"సిస్టరమ్మా," అంది సోని, కళ్లు మూసుకునే, "తల నొప్పెడతన్నాది."

"ఎక్కడ?"

"ఇక్కడ. మెడకాడ నుంచి."

పదకొండు ఏడు. కింది నంబరు నూట పద్దెనిమిది, చెప్పింది నూటపది. ఇవ్వమనే ఆదేశం ఉంది, అడగమనే ఆదేశం కూడా ఉంది, రెండూ ఒకే నోటితో వచ్చినవే. ఇవ్వకపోతే? ఇంకో అరగంట ఈ ఒత్తిడిలో ఉంటే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు, మెగ్నీషియం వేసినా మూర్ఛ రావచ్చు, మాయ విడిపోవచ్చు. ఇస్తే? ఇచ్చాక పడిపోతే ఇక్కడ ఎవరున్నారు. ఒక బాటిల్ సెలైన్, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక ముసలామె. ఇక్కడ ఏదైనా జరిగితే మళ్లీ రాయాల్సింది తనే, సంతకం పెట్టేవాళ్లు నమ్ముతారు, కొండ జారింది కదా అంటారు.  తన బుర్ర అప్పుడే కారణాలు వెతుక్కుంటోంది. చాలు. సోనిని ఎడమపక్కకి తిప్పింది, వీపు వెనక దిండు దోపింది, చేతికున్న సూదిలోంచి రక్తం వస్తోందో లేదో చూసింది, సిరంజి తగిలించింది.

దేముడమ్మ చూస్తోంది. "మల్లీ అదే సూదేటి?" అంది.

"అదే పెద్దమ్మా."

"బేగి ఏసెయ్."

 జాయ్స్ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదకి వచ్చేదాకా ఆగి మొదలుపెట్టింది. అయిదు గీతలు, మూడు నిమిషాలు. బొటనవేలు నొక్కాలని చూస్తుంది, నొక్కనివ్వకూడదు, ఆనించి ఉంచాలి, అంతే. ముప్పైఆరు సెకన్లకి ఒక గీత, అంతకన్నా తొందరగా కదలకూడదు. రేకు మీద వాన ఒక్కసారి పెద్దదై మళ్లీ తగ్గింది. ఎక్కడో కిందనుంచి రైలు కూత, ఇనుప ఖనిజం మోసుకుపోయే గూడ్సు అయి ఉంటుంది, సొరంగంలోకి దూరినట్టుంది, కూత సగంలో తెగిపోయింది. రెండు గీతలు. చిన్నప్పుడు అమ్మతో ఆ దారిలో అరకు వచ్చినప్పుడు సొరంగాలు లెక్కపెడుతూ ప్రతిసారీ మధ్యలో లెక్క మర్చిపోయేది. మూడు. వేలు నొప్పి పుడుతోంది. నాలుగు. సోని వేళ్లు తన చీర అంచు పట్టుకున్నాయి, ఎప్పుడు పట్టుకున్నాయో తెలియలేదు. అయిదు. పదకొండు పదకొండు. చేతి మీద పెన్నుతో రాసుకుంది, మొదలు పదకొండు ఎనిమిది, పూర్తి పదకొండు పదకొండు. ఇంకా పది గీతలు సిరంజిలో ఉన్నాయి. మూత పెట్టి ట్రేలో పెట్టింది.

పదకొండు పదహారుకి చూసింది. నూట డెబ్బైనాలుగు మీద నూట పదహారు. ఏమీ తగ్గలేదు. ఏమీ. ఇది తనకి తెలుసు, ఈ అయిదో నిమిషం తనకి బాగా తెలుసు, ఇందులోనే తను మూడేళ్లుగా ఉంది. సోని తల అటూ ఇటూ కదిలిస్తోంది. అమ్మా అంటోంది, వాళ్ల మాటలో ఇంకేదో అంటోంది, దేముడమ్మ ఆ మాటలోనే సముదాయిస్తోంది. సోని మొహం ఎర్రబడింది, చెవుల దాకా. నాడి నూట పద్దెనిమిది.

"తగ్గినాదా?" అంది దేముడమ్మ.

"ఇంకా లేదు."

"ఇంకో సూది ఏసెయ్."

"ఇప్పుడు వెయ్యకూడదు."

"మందు ఉన్నాది కదేటి. అదిగో, సగం ఉన్నాది. నాను సూసినాను."

"ఉంది. ఆగాలి. ఇరవై నిమిషాలు ఆగాలి."

"అది అలాగ ఏడుస్తుంటే ఆగడవేటి," అంది దేముడమ్మ, గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించింది, "నా కొడుకు గుంటూరులో పనికెల్లినాడు. నాకు అప్పసెప్పి ఎల్లినాడు. దీనికేటైనా అయితే వాడికి నానేటి సెప్పాల? ఏసెయ్ తల్లీ. నీ కాళ్లట్టుకుంటాను." నిజంగానే వంగింది, ఒళ్లో ఉన్న సోని పాదాలు వదలకుండా వంగి, ఒక చేత్తో జాయ్స్ కాలు తాకింది. జాయ్స్ కాలు లాక్కోవడానికి చోటు లేదు. వెనక బండి గోడ, ముందు స్ట్రెచర్, పక్కన ఆక్సిజన్ సిలిండరు. చెయ్యి ట్రే వైపు వెళ్లింది. తను పంపలేదు, దానంతటదే వెళ్లింది. సిరంజి చల్లగా తగిలింది. ఇస్తే ఈ ముసలామె ఊరుకుంటుంది, సోని ఊరుకుంటుంది, ఏదో చేశానని తనూ ఊరుకుంటుంది. ఒక్క నొక్కుడు.

సిరంజి తీసి, కిటికీ వైపున్న డబ్బాలో, తన చెయ్యి అందని చోట పెట్టి మూత బిగించింది. తర్వాత మాట దానంతటదే వచ్చింది, ఎందుకు వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించినా తెలియలేదు.

"ఇలాగే ఒకసారి వేసేశాను పెద్దమ్మా. ఆగలేక. అయిదు నిమిషాలకి తగ్గలేదని ఇంకోటి వేసేశాను. ఈ మందు వెంటనే పనిచెయ్యదు. రెండూ కలిసి ఒక్కసారే పనిచేశాయి. బిడ్డ పోయింది."

దేముడమ్మ నిటారుగా కూర్చుంది.  ఇప్పుడు ఈమె తలుపు తెరిచి అరుస్తుంది అనుకుంది జాయ్స్, నా కోడలిని ముట్టుకోకు అంటుంది, అంటే ఏం చెయ్యాలి, ముట్టుకోకుండా ఎలా చూడాలి.

"ఎవులి బిడ్డ?"

"రత్న అని. వేరే ఊరు."

"ఆయమ్మకి ఎరికేనా?"

"తెలియదు. నేను రాయలేదు. టైము మార్చి రాశాను."

"మరి నాకెందుకు సెప్పినావు?"

జాయ్స్ డబ్బా వైపు చూసింది. "నువ్వు వెయ్యమంటే నా చెయ్యి వెళ్లిపోతోంది పెద్దమ్మా. నువ్వు అడక్కు. నువ్వు అడక్కుండా ఉంటే నేను ఆగగలను."

దేముడమ్మ ఆమెని చూసింది, పొద్దుటినుంచి ఒక్కసారైనా అలా చూడలేదు, తెల్లకోటునే చూసింది. తర్వాత కోడలి పాదాల మీద చీర కొంగు కప్పింది. "ఆయమ్మకి సెప్పాల," అంది. "అది ఆయమ్మ కన్న గుంట. ఎలాగ పోయిందో తల్లికి ఎరికవ్వాల." అంతే. మళ్లీ అడగలేదు. రెండు చేతులూ ఒళ్లోనే ఉంచుకుని జాయ్స్ చేతిగడియారం వైపు చూస్తూ కూర్చుంది, టైము చూడటం ఆమెకి రాదు, ముల్లు తిరగడం చూస్తోంది.

పదకొండు ఇరవై ఒకటి. నూట అరవైనాలుగు మీద నూట పది. కదిలింది. నాడి నూట ఇరవైనాలుగు. తలనొప్పి ఎక్కువైంది అంటోంది సోని. ఇక్కడే అసలు చిక్కు. ఈ తలనొప్పి జబ్బుదా, మందుదా? రెండూ ఒకేలా పోటెడతాయి. జబ్బుదైతే మూర్ఛ తలుపు దగ్గర ఉన్నట్టు, మందుదైతే మందు పనిచేస్తున్నట్టు. అడిగింది, ఒక్కొక్కటే, గొంతు నిదానంగా పెట్టుకుని. సోనీ, నా చెయ్యి కనపడుతోందా, వేళ్లెన్ని, మూడు, మెరుపులు ఏమైనా, లేవు, మసకగా ఉందా, లేదు, పొట్ట పైన ఇక్కడ నొక్కితే నొప్పా, లేదు, గుండె దడదడగా ఉందా, ఉన్నాది, శానా ఉన్నాది. మోకాలి కింద చేతి అంచుతో తట్టింది, కాలు కొంచెం ఎగిరింది, ఎక్కువా కాదు, లేకుండానూ కాదు. ఊపిరి నిమిషానికి పద్దెనిమిది. మూత్రం సంచిలో దిగుతోంది. పొట్ట మెత్తగా ఉంది, రాయిలా లేదు, కింద రక్తం లేదు. అంటే తలపోటూ గుండె పరుగూ మందువల్లే. టీచరు చూపించిన పరుగు. ఈ పిల్ల గుండెకి ఎవరూ చెప్పలేదు, అది కంగారుపడుతోంది. "ఇది మందు వల్ల వచ్చే నొప్పి సోనీ. లోపల మందు పనిచేస్తోంది. కొంచెంసేపు ఇలాగే ఉంటుంది, తర్వాత తగ్గుతుంది." చెబుతుంటే తనకే సగం నమ్మకం, సగం ప్రార్థన.

పదకొండు ఇరవైఆరు. నూట యాభైఆరు మీద నూట నాలుగు. ఇప్పుడు రెండో భయం, ఎక్కడ ఆగుతుంది? నూట నలభై మీద తొంభై కన్నా కిందకి పోకూడదు, పోతే బిడ్డకి రక్తం చాలదు. అప్పుడు రత్నకీ ఇలాగే దిగింది, దిగుతుంటే సంతోషపడింది, ఆ సంతోషం ఎనిమిది నిమిషాలు. సెలైన్ బాటిల్ గొట్టం దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లరు పొట్ట మీద పెట్టింది, ముందు ఉత్త గాలి చప్పుడు, ఇంకా పక్కకి, ఇంకా కిందకి, సోని గుండె వినిపించింది, అది కాదు, ఇంకా పక్కకి. దొరికింది. సన్నగా, తొందర తొందరగా, నూట ముప్పైఎనిమిది. దేముడమ్మ ముందుకి వంగింది. అదేటి, అంది. మీ మనవడో మనవరాలో పెద్దమ్మా. దేముడమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడు తియ్యాలనిపించక, జెల్ ఆరిపోతున్నా అలాగే పట్టుకుని కూర్చుంది జాయ్స్. పదకొండు ముప్పైఒకటి. నూట నలభైఎనిమిది మీద తొంభైఎనిమిది. ముప్పైఆరు. నూట యాభై మీద తొంభైఎనిమిది. ఆగింది. బిడ్డ గుండె నూట ముప్పైఆరు. డబ్బాలో సిరంజి ఉన్నచోటే ఉంది. సోని కళ్లు తెరిచి నీళ్లడిగింది. పెదాలు మాత్రం తడిపింది.

పన్నెండుకి పది నిమిషాల ముందు మంచులోంచి మనుషుల గొంతులు. ఫల్గుణ వెనక కాఫీ తోటలో పనిచేసేవాళ్లు ఏడెనిమిది మంది, ఇద్దరి చేతుల్లో గునపాలు, ఒకతని భుజం మీద తాళ్లు. కిందనుంచి రావలసిన అంబులెన్సు ఇంకో చోట ఇరుక్కుంది మేడం, తోట జీపు దొరికింది, మట్టికి అటువైపు నిలబెట్టాం, అన్నాడు ఫల్గుణ, మోచేయి చీరుకుని రక్తం కారుతున్నా చూసుకోలేదు. చెట్టుకి ఇవతల రెండడుగుల దారి తవ్వారు. స్ట్రెచర్ ఎత్తారు, సోనిని పక్కకి తిరిగినట్టే తాళ్లతో కట్టారు, జాయ్స్ సెలైన్ బాటిల్ ఎత్తిపట్టుకుని పక్కన నడిచింది, కాలు మోకాలి దాకా దిగబడుతోంది, చెప్పు ఒకటి మట్టిలో ఉండిపోయింది, వెనక్కి చూడలేదు. ఒకసారి పైనుంచి గులకరాళ్లు రాలాయి, అందరూ ఆగిపోయారు, ఊపిరి కూడా ఆపారు, రాలడం ఆగాక కదిలారు.

జీపు వెనక సీటు మీద సోనిని పడుకోబెట్టేసరికి ఇంకొక్కరికే చోటు మిగిలింది, అది కూడా నేల మీద మోకాళ్ల మీద. ముందు సీట్లో తోట డ్రైవరు పక్కన ఆక్సిజన్ సిలిండరు. ఇంటి మనిషి ఎవరో ఒకరు వెళ్లాలి, సంతకాలు పెట్టాలి, అన్నారెవరో. దేముడమ్మ జీపు కడ్డీ పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది. కోడలిని చూసింది, జాయ్స్‌ని చూసింది. ఈమెకి అన్నీ తెలుసు, అనుకుంది జాయ్స్, ఈ కొండ మీద నా గురించి తెలిసిన మనిషి ఈమె ఒక్కతే. ఆ కాలు బయటికి వచ్చింది.

"నువ్వెల్లు," అంది దేముడమ్మ.

"పెద్దమ్మా, నువ్వు..."

"నాను ఎల్లి ఏటి సేస్తాను. దాని గుండె నాకు ఇనబడుద్దేటి. నువ్వెల్లు, బేగి."

జీపు కదిలింది. రెండో మలుపు దిగాక ఫోను జేబులో వణికింది, ఒకదాని మీద ఒకటి. రవిబాబు గారు. ఎక్కడున్నావు సిస్టర్, ఎంతుంది బీపీ, అన్నారు. నూట యాభైరెండు మీద నూరు, నాడి నూట పది, బిడ్డది నూట ముప్పైనాలుగు సార్. ఎన్ని డోసులు? రెండు. రెండోది ఎవరినడిగి ఇచ్చావు? ఎవరినీ అడగలేదు సార్, సిగ్నల్ లేదు, పదకొండు ఎనిమిది నుంచి పదకొండు దాకా ఇచ్చాను, పదకొండు పదకొండు దాకా.  సరే, మంచిది, అన్నారాయన, మూడోది ఇవ్వకు, కోటలో థియేటరు రెడీగా ఉంది. ఆయన పెట్టెయ్యబోతుంటే జాయ్స్ అంది, సార్, పాతచోట నేను రిజిస్టరులో ఒక టైము తప్పు రాశాను, కావాలనే రాశాను, మూడేళ్లయింది, రేపు వచ్చి మీకు చెప్పాలి, ఆ తర్వాత ఎవరికి చెప్పాలో మీరు చెప్పాలి, ఆ పేషెంటుకి మాత్రం నేనే వెళ్లి చెబుతాను. జీపు కుదుపులకి మాట ముక్కలైంది, అయినా ఆయనకి వినిపించినట్టే ఉంది. ముందు ఈ అమ్మాయిని దింపు, అన్నారు, రేపు రా. ఫోను పెట్టేశాక తేలికగా ఏమీ అనిపించలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది, లాజరస్ మొహం గుర్తొచ్చింది, రత్న ఇంటి ముందు తను నిలబడటం, రత్న నవ్వుతూ బయటికి రావడం. మోకాళ్ల కింద జీపు నేల రేకు గుచ్చుకుంటోంది. మళ్లీ బీపీ చూసింది.

సంతకం సోనిచేతే పెట్టించి, ఒంటిగంటన్నరకి మొదలుపెట్టిన ఆపరేషను రెండున్నరకి అయింది. ఆడపిల్ల, కిలో ఏడొందలు, పుట్టగానే ఏడవలేదు, నిమిషం తర్వాత ఏడ్చింది, శిశువుల వార్డుకి తీసుకెళ్లి గాజుపెట్టెలో పెట్టారు, రెండురోజులు గడవాలన్నారు. సోనికి ఇంకా రెండురోజులు మూర్ఛ భయం ఉంటుంది, అది జాయ్స్‌కి వాళ్లు చెప్పక్కర్లేదు. మీరిక వెళ్లొచ్చు సిస్టర్ అంది అక్కడి నర్సు. వెళ్లడానికి రోడ్డు లేదు. ఒక కాలికి చెప్పు లేకుండా, ఎండి అట్టకట్టిన మట్టితో, సోని మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఎవరూ అడక్కపోయినా పావుగంటకోసారి పట్టీ బిగించి చూస్తూ ఉండిపోయింది. నాలుగున్నరకి జేసీబీ ఒకవైపు మట్టి తీసిందని, బస్సులు ఒక్కొక్కటే వదులుతున్నారని ఎవరో అన్నారు. అయిదు దాటాక వార్డు గుమ్మంలో దేముడమ్మ, వెనక ఫల్గుణ, మోచేతికి కట్టుతో. దేముడమ్మ లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి మంచం మీద దుప్పటి కదులుతోందా లేదా అని చూస్తోంది.

"ఉంది పెద్దమ్మా, రా," అంది జాయ్స్. "ఇద్దరూ ఉన్నారు. ఆడగుంట."

దేముడమ్మ వచ్చి మంచం అంచున చెయ్యి ఆనించింది. ఆ కదలికకి సోని కళ్లు తెరిచింది. అత్తని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఎండిన పెదాలతో ఏదో అంది, ఇద్దరూ వంగారు.

"ఆకలేస్తన్నాది," అంది సోని.

జాయ్స్ నర్సు కాబట్టి చెప్పవలసిన మాట ఒకటుంది, ఆపరేషను అయింది కదా, ఇప్పుడేమీ పెట్టకూడదు, రేపు పొద్దున డాక్టరుగారు చెప్పాక కొంచెం గంజి.   దేముడమ్మ ఆమె వైపు చూస్తూ, పెట్టొచ్చా వద్దా అని కళ్లతో అడుగుతూ, జవాబు కోసం నిలబడింది. ఆగాలి పెద్దమ్మా, అంది జాయ్స్, రేపటిదాకా.